వచ్చిన గుర్రానికి విందులొద్దు

రా, కూర్చో. ముందా టీ తాగు, చల్లారిపోతోంది.

గుర్రం దిగిన రోజు వీధంతా వచ్చి చూసింది. హారతిచ్చారు. పిల్లలు పేరు కూడా పెట్టేశారు. వారం తిరిగేసరికి అదే గుర్రం తొట్టి ముందు తల వాల్చుకుని నిలబడుతోంది. దగ్గుతోంది. లద్దె గట్టిగా, చిన్న చిన్న ఉండలుగా పడుతోంది. రాత్రి పెట్టిన ఉలవలు పొద్దున చూస్తే అలాగే ఉన్నాయి. ఇక ఇంట్లో తలా ఒక మాట. అత్తగారు దిష్టంటారు. నుదుటి మీద ఆ సుడి మంచిది కాదని ముందే చెప్పానంటారు మామగారు. మీ ఆయన అమ్మినవాడి మీద ఫోన్లో కేకలేస్తున్నాడు. నువ్వేమో నా చేతిలోనే ఏదో లోపముంది కాబోలని లోలోపల కుమిలిపోతున్నావు. తెచ్చేది మగవాళ్ళు, అర్ధరాత్రి లేచి టార్చిలైటు వేసి చూసేది మనం. ఎప్పుడూ ఇంతే కదా?

ఆ కుమిలిపోవడం ముందు ఆపు. కొత్తగా వచ్చిన గుర్రానికి మొదటి నెలలో ఏదో ఒక నలత రావడం మామూలే. పీళమేడులో అయినా, సూలూరులో అయినా, అటు మదురై పక్కన తిరుమంగళంలో అయినా అంతే. దానికి ఊరు మారింది, నీళ్ళు మారాయి, గడ్డి మారింది, పక్కన నిలబడే తోడు మారింది. ఇందులో నీ చేతి తప్పూ లేదు, సుడి తప్పూ లేదు. చాలామటుకు కారణాలు రెండే. ఒకటి అది వచ్చిన దారి. రెండోది మనం చేసిన మర్యాద. రెండోది వింటే నీకు కోపమొస్తుందని తెలుసు. చెప్తాను, ఉండు.

ఆ సుడి సంగతి ముందు తేల్చేద్దాం. ఆడి నెలలో అందియూర్ గురునాథస్వామి సంతకి మీవాళ్ళు వెళ్ళే ఉంటారు. టిప్పు సుల్తాను కాలం నుంచీ ఉందని చెప్పుకునే సంత అది. కాఠియావాడీ, మార్వాడీ జాతి గుర్రాలు, తెల్లటి నుఖ్రాలు వరసగా కట్టేసి ఉంటే మగవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. నుదుటి సుడి చూస్తారు, మెడ సుడి చూస్తారు, చెవుల కొనలు రెండూ కలుస్తున్నాయా అని చూస్తారు, నడిపించి చూస్తారు. గుర్రపు లక్షణాలు చూడటం మనకి కొత్త కాదులే. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణ విలాసమని ఒక గ్రంథమే రాశాడు. చూడనీ, నాకేం అభ్యంతరం లేదు. కానీ గంటసేపు సుళ్ళు చూసిన పెద్దమనిషి ఒక్క నిమిషం థర్మామీటరు పెట్టి చూశాడా? ముక్కులోంచి ఏమన్నా కారుతోందా అని వంగి చూశాడా? లారీలో ఎన్ని రోజులైందని అడిగాడా? సుడి వల్ల దగ్గు రాదమ్మా. ఈ మాట మామగారితో నేరుగా అనకు, ఆయన మనసు నొచ్చుకుంటుంది. డాక్టరు చేత అనిపించు.

ఇక నీకు ధైర్యం రావడానికో పాత కథ చెప్తాను. కొత్త గుర్రాల్ని పోగొట్టుకోవడంలో మదురైని మించిన ఊరు లేదేమో! పదమూడో శతాబ్దం చివర్లో మార్కో పోలో పాండ్యుల సీమకి వచ్చాడు. ఇక్కడి రాజు, ఆయన సోదరులు హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి ఓడల్లో వచ్చే గుర్రాల్ని ఒక్కొక్కరూ ఏటా 2000కి పైగా కొనేవారట. బంగారం పోసి మరీ. ఏడాది తిరిగేసరికి అందులో వంద కూడా మిగిలేవి కావట. గుర్రాల వైద్యం తెలిసినవాళ్ళు ఇక్కడ లేరు, ఆ వైద్యుల్ని ఇటు రానిస్తే బేరం పోతుందని వర్తకులే రానివ్వలేదు అంటాడాయన. పైగా మనవాళ్ళు వాటికి మాంసం కలిపి వండిన అన్నం పెట్టేవారట. ఆ తర్వాత కొద్ది కాలానికే పారసీక చరిత్రకారుడు వస్సాఫ్ ఇంకొంచెం వివరంగా రాశాడు. వేయించిన గింజలకి వెన్న పట్టించి పెట్టేవారు. కాచిన ఆవుపాలు తాగించేవారు. నలభై రోజులు కదలనివ్వకుండా శాలలో మేకులకి కట్టేసి బాగా ఒళ్ళు చేయించేవారు. తర్వాత ఏ అలవాటూ చెయ్యకుండా ఎక్కి పరిగెత్తించేవారు. ఎంత గట్టి గుర్రమైనా కొన్నాళ్ళకే నీరసపడి ఎందుకూ పనికిరాకుండా పోయేదట. యాత్రికులు కాస్త పెంచి చెప్తారనుకో. సగం కొట్టేసినా, మిగిలిన సగం చాలదూ?

విజయనగరం వాళ్ళది ఇంకో వింత. సాళువ నరసింహరాయలు గుర్రాల కోసం ఎంత తహతహలాడేవాడంటే, సముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా డబ్బిచ్చేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసిపెట్టాడు. దారిలో అన్ని పోయేవన్నమాట! 1529లో విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చాడు, ఆయన వెంటే మన తాతముత్తాతలూ దిగివచ్చారని ఇళ్ళల్లో గొప్పగా చెప్పుకుంటాం కదా. వాళ్ళ వెంట వచ్చిన గుర్రాలకి ఇక్కడి నీళ్ళు పడటానికి ఎన్ని తంటాలు పడ్డారో ఎవరూ చెప్పరు. చైత్ర ఉత్సవంలో వైగైలో దిగే అళగర్ బంగారు గుర్రానికి తప్ప, ఊరు మారితే ఏ గుర్రానికైనా ఏదో ఒకటి తప్పదు. కాబట్టి నువ్వొక్కదానివే కాదు. సరేనా? ఇక పనిలోకి దిగుదాం.

ముందు వచ్చిన దారి గురించి. మార్వాడ్ నుంచి కోయంబత్తూరుకి రెండువేల కిలోమీటర్ల పైమాట. రోజుల తరబడి లారీలో, తల పైకి ఎత్తి కట్టేసి తెస్తారు, పక్కదాన్ని కరవకూడదని. పాపం, వాళ్ళ ఇబ్బంది వాళ్ళది. గుర్రానికి మాత్రం తల కిందికి దించితేనే ముక్కులోంచి, గొంతులోంచి దుమ్మూ కఫమూ బయటికి జారేది. గంటల కొద్దీ తల ఎత్తే ఉంటే ఆ మురికంతా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. దిగిన రెండు మూడు రోజుల్లో జ్వరం, దగ్గు, తిండి మానేయడం. ప్రయాణపు జ్వరం అంటారు దీన్ని. వాతావరణం పడక వచ్చిన జలుబేలే అని మిరియాల కషాయం పోసి ఊరుకుంటే న్యుమోనియాలోకి దిగుతుంది.

మరి మనం ఏం చెయ్యాలి? దిగగానే తాడు వదులు చెయ్యాలి. ఎండుగడ్డి ఎత్తు మీద కాకుండా నేల మీదే, శుభ్రమైన చోట వెయ్యాలి. తల వంచుకుని తినే కొద్దీ ఆ దారి దానంతటదే శుభ్రపడుతుంది. గాలి ఆడే నీడ ఉండాలి. పిల్లలు ఎంత ఏడ్చినా మొదటి వారం ఎక్కనివ్వద్దు. ఫొటోలు తీసుకోనీ, అంతవరకే.

ఇంకోటి, ఇవాళే ఒక డిజిటల్ థర్మామీటరు కొను. ఖరీదైనదేమీ అక్కర్లేదు, మన మందుల షాపుల్లో దొరికేదే. కొనకి కాస్త వ్యాజలీన్ రాసి, వెనకాల కాకుండా పక్కన తొడ దగ్గర నిలబడి, తోక కింద పెట్టి చూడాలి. లోపలికి జారిపోకుండా దారం కట్టి తోకకి క్లిప్పు పెట్టుకో. గుర్రానికి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే. మనిషికైతే 101 జ్వరం, దానికి కాదు. అది తెలియక కంగారుపడి మాత్రలు మింగించేవాళ్ళున్నారు. 101.5 దాటితే కనిపెట్టుకుని ఉండు, 102 చూపిస్తే డాక్టరుకి ఫోన్ చెయ్యి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి. ఇంట్లో మిల్లు క్యాలెండరు వేలాడుతోంది కదా, ఆ తేదీ గడిలోనే అంకె రాసెయ్. ఏం తిన్నది, లద్దె ఎన్నిసార్లు పడింది అదీ రాయి. డాక్టరు వచ్చి అడిగితే మీ ఆయన గోడ వైపు చూస్తాడు, నువ్వు క్యాలెండరు చూపిస్తావు. ఇంట్లో నీ మాటకి బరువు పెరగాలంటే ఇంతకన్నా సులువైన దారి నాకు తెలీదు.

నీళ్ళ సంగతి చాలామందికి తట్టదు. శిరువాణి నీళ్ళకి అలవాటుపడ్డ నోటికి పల్లడం వైపు బోరునీళ్ళు ఎలా ఉంటాయో మనకి తెలీదా? బంధువుల ఇంటికెళ్తే గ్లాసు మూతి దాకా తెచ్చి దించేస్తాం. గుర్రమూ అంతే, కొత్త నీళ్ళ వాసన పడకపోతే దాహంతోనే నిలబడుతుంది. పెద్ద గుర్రానికి రోజుకి 25 నుంచి 40 లీటర్లు కావాలి. మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువే. అవి పడకపోతే పొట్టలో గడ్డి ఎండి గట్టిపడుతుంది. నువ్వు చూసిన ఆ గట్టి లద్దె అదే చెప్తోంది. తొట్టిలో పోసి వదిలెయ్యకుండా మొదటి పదిరోజులు బకెట్లతో కొలిచి పెట్టు, ఎంత తాగిందో తెలుస్తుంది. ఒక బకెట్లో మామూలు నీళ్ళు, ఇంకోదాంట్లో చిటికెడు బెల్లం కలిపినవి పెట్టి చూడు. ఉప్పుగడ్డ ఒకటి నాకడానికి వేలాడదియ్యి. చిగుళ్ళ మీద వేలు పెడితే తడిగా జారాలి. పొడిగా, జిగురుగా అంటుకుంటే నీళ్ళు చాలట్లేదన్నమాట.

ఇప్పుడు మర్యాద గురించి. మన ఇళ్ళల్లో చుట్టం వస్తే ఏం చేస్తాం? ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ విస్తరి మీదకి వంగి వడ్డిస్తాం. వద్దన్నకొద్దీ వడ్డిస్తాం. గుర్రానికీ అదే చేశామమ్మా. వచ్చిన రోజే ఉడికించిన ఉలవలు, తవుడు, బెల్లం, అరటిపళ్ళు, గుడి నుంచి తెచ్చిన పొంగలి. బస్సు దిగిన పిల్లలా ఆబగా తింటుంటే మన ప్రాణం లేచొస్తుంది. కానీ దాని పొట్ట నిర్మాణమే వేరు. అంత ఒంటికి పొట్ట చూస్తే చిన్నది. గడ్డి జీర్ణమయ్యేది వెనక పెద్దపేగులో, అక్కడ కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు పులియబెడితే. పాత ఊరి గడ్డికి అలవాటుపడ్డవి అవి. ఒక్కసారిగా గింజలు కుమ్మరిస్తే వాటిలో సగం చచ్చిపోయి పొట్టంతా పుల్లబడి గ్యాసు పడుతుంది. ఒక్కోసారి ఆ విషం గిట్టల దాకా దిగి నడవలేకుండా చేస్తుంది. పైగా గుర్రం కక్కుకోలేదు. మనం తిన్నది పడకపోతే కక్కేసి హాయిగా పడుకుంటాం, దానికి ఆ దారి లేదు.

అందుకే కొనేటప్పుడే అడగాలి, ఏం తింటోంది, ఎన్నిసార్లు, ఎంత అని. అమ్మినవాడి దగ్గర్నించే పది పదిహేను రోజులకి సరిపడా ఆ మేత, ఆ దాణా మూటకట్టించి తెచ్చుకోవాలి. ఇప్పుడు నీకది అయిపోయింది, పోనీ. ఇకనుంచయినా దాణా బాగా తగ్గించి ఎండుగడ్డి మీద ఉంచు. జొన్న చొప్ప అయితే బూజు లేనిది, దుమ్ము దులిపి. ముప్పావు వంతు ఇప్పుడు తింటున్నది, పావు వంతు కొత్తది, అలా పది పద్నాలుగు రోజుల మీద మెల్లగా మార్చు. ఒకేసారి పెద్ద బుట్టెడు కాకుండా రోజంతా కొంచెం కొంచెంగా. ఉలవలు మానక్కర్లేదు, నానబెట్టి గుప్పెడుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పో. అత్తగారు "పాపం ఎండిపోయింది, దానికేం పెట్టవేం" అంటే? పచ్చగడ్డి గుప్పెడు ఆవిడ చేతికిచ్చి పెట్టమను. పెట్టామన్న తృప్తి ఆవిడకీ దక్కాలిగా.

మనవైపు కొన్ని ప్రత్యేకమైన గండాలున్నాయి, ఇవి జైపూర్‌లో ఉన్నవాళ్ళు నీకు చెప్పరు. మొదటిది కోళ్ళ దాణా. పల్లడం చుట్టూ అందరికీ కోళ్ళ షెడ్లే కదా, మూటలు ఇంట్లోనే పడుంటాయి. గుర్రం సన్నగా ఉందని ఓ డబ్బా పోద్దాం అనిపిస్తుంది. చచ్చినా పొయ్యకూడదు! కోళ్ళకి రక్త విరేచనాలు రాకుండా ఆ దాణాలో మోనెన్సిన్ లాంటి మందులు కలుపుతారు. కోడికి మంచిది, గుర్రానికి గుండె కండరాలే దెబ్బతింటాయి. కొంచెమే చాలు ప్రాణం పోవడానికి. ఆ మూటలున్న గదికి తాళం వెయ్యి, పనివాళ్ళకి నోటితో చెప్పు, కాగితం అంటించి ఊరుకోకు.

రెండోది మన కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ నేపియర్ గడ్డి, సీఓ-4 అదీ. ఆవులకి బ్రహ్మాండం, పాలు ధారలు కడతాయి. అందుకే గుర్రానికీ అదే కోసి వేస్తాం, మీద గోధుమ తవుడు. ఈ జాతి గడ్డిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటికి అందనివ్వవు. తవుడులో భాస్వరం ఎక్కువ, అది ఉన్న కాల్షియం లెక్క కూడా తప్పిస్తుంది. రెండూ కలిసి నెలల తరబడి నడిస్తే ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది ఒళ్ళు. మొహం ఎముకలు ఉబ్బుతాయి, ఏ కాలని చెప్పలేని కుంటి వస్తుంది. కాంగేయం వైపు కొరంగాడు బీళ్ళల్లో పెరిగే కొళుక్కట్టై గడ్డిదీ ఇదే గుణం. అస్సలు వెయ్యద్దనను. దాంతోనే కడుపు నింపకు, జొన్న చొప్పా, గరికా, దొరికితే లూసర్నూ కలుపు, తవుడు తగ్గించు, ఖనిజాల పొడి ఏది ఎంత వెయ్యాలో డాక్టర్ని అడుగు. మేకల కోసం పెంచే సుబాబుల్ రొట్ట అలవాటు చేశావో, జూలూ తోకా ఊడిపోతాయి. గన్నేరు మాత్రం కంచెలో ఉంటే ఇవాళే కొట్టించు. ఎండిన ఆకులు నాలుగు పడినా ప్రమాదమే. పూజకి పూలు పక్కింటినుంచి తెచ్చుకుందువులే.

ఇంత చేసినా కడుపుశూల రావచ్చు. గుర్తులు నీకు తెలిసుండాలి. డొక్క వైపు తిరిగి తిరిగి చూసుకుంటుంది, ముందుకాలితో నేల గీకుతుంది, పడుకుని లేస్తుంది, పొర్లుతుంది, చెమట పడుతుంది, లద్దె పడదు. అప్పుడు మేత మొత్తం తీసెయ్, గడియారం చూసి టైము రాసుకో, డాక్టరుకి ఫోన్ చెయ్యి. పొర్లి పొర్లి దెబ్బ తగిలించుకుంటుంటే మెల్లగా నడిపించు, గంటలకొద్దీ ఈడ్చి అలిసిపోయేలా కాదు. ఆముదమో, కల్లో, వాము కషాయమో గొట్టంతో నోట్లో పొయ్యడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. నొప్పితో గింజుకునే గుర్రానికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాటువైద్యాన్ని నేను తక్కువ చెయ్యను. దెబ్బకి పసుపు పెట్టే చెయ్యి మనదే. కానీ శూల దగ్గర ఇంటి వైద్యం వద్దంటే వద్దు.

డాక్టరంటావా? మన పశువుల ఆసుపత్రుల్లో ఆవుల్నీ మేకల్నీ చూసిన చేతులే ఎక్కువ. "మీరు గుర్రాల్ని చూస్తారా సార్?" అని ముందే అడగడంలో తప్పులేదు, ఆయనేమీ అనుకోడు. గుర్రం బాగున్న రోజే వెళ్ళి పరిచయం చేసుకో. నామక్కల్‌లో 1985 నుంచీ పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడు ఉడుమలైపేటలోనూ, మదురై వాళ్ళకి దగ్గరగా తేనిలోనూ ఉన్నాయి. అత్యవసరమైతే 1962కి ఫోన్ చెయ్యి. ఈ నంబర్లన్నీ శాల తలుపు మీద సుద్దతో రాయి. రాత్రి రెండింటికి నీ ఫోన్లో ఛార్జి ఉండదు, నాకు తెలుసు.

ఇంట్లో ఇంకో గుర్రమో, గాడిదో ఉందా? ఉంటే కొత్తదాన్ని దాని పక్కన కట్టకు. మూడు వారాలు వేరుగా ఉండాలి. వేరే తొట్టి, వేరే బకెట్టు, వేరే బ్రష్షు. ఒకే కుర్రాడు రెండింటినీ చూస్తుంటే ముందు పాతదాన్ని చూసి, తర్వాత కొత్తదాని దగ్గరికి వెళ్ళాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. "ఏంటక్కా, వచ్చీ రాగానే దాన్ని వెలివేసినట్టు" అనకు. స్ట్రాంగిల్స్ అని ఒక జబ్బుంది. సోకిన తర్వాత మూడు రోజులకో, రెండు వారాలకో బయటపడుతుంది. జ్వరం, దవడ కింద గడ్డలు, ముక్కులోంచి చీము. సంతలో పక్కన నిలబడ్డ గుర్రం దగ్గర అంటించుకుని నవ్వుతూ మన ఇంటికి వచ్చేస్తుంది. ఇందులో మనకి కలిసొచ్చేది ఒకటుంది. ముందు జ్వరం వస్తుంది, ఒకటి రెండు రోజుల తర్వాతే ఇతరులకి అంటించడం మొదలవుతుంది. అంటే నువ్వు క్యాలెండరు మీద రాసే ఆ అంకె పాత గుర్రాన్ని కాపాడుతుంది. అంటురోగమంటే ఎంత దూరం పోతుందో 2008లో చూశాం. జమ్మూ దగ్గర కాట్రాలో మొదలైన గుర్రాల ఫ్లూ రాష్ట్రాలు దాటి వచ్చి పందేలు ఆగిపోయేదాకా తెచ్చింది.

గ్లాండర్స్ సంగతి కూడా చెప్పాలి, భయపెట్టడానికి కాదు. అది గుర్రం నుంచి మనిషికీ వస్తుంది. 2009 చట్టం ప్రకారం కనిపిస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాలి, దానికి మందిచ్చి బతికించుకునే మార్గం లేదు. అందుకే కొనేముందే రక్తపరీక్ష కాగితం అడగమనేది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఇలాంటి పరీక్షలకి పేరున్న చోటు. ఇప్పటికే కొనేశారా? డాక్టరు చేత రక్తం తీయించి పంపించండి. ఆ ఫలితం వచ్చేదాకా ముక్కు నుంచి కారేదాన్ని ఉత్త చేతులతో తుడవకు, పిల్లల్ని మొహం దగ్గర ముద్దులు పెట్టనివ్వకు. వానాకాలంలో జోరీగలు మోసుకొచ్చే సర్రా ఒకటుంది. జ్వరం వచ్చి పోతూ, గుర్రం చిక్కిపోతూ, పొట్ట కింద వాపు కనిపిస్తే అది గుర్తుపెట్టుకుని డాక్టరుకి చెప్పు, రక్తం చూస్తారు. పిడుదులు కనిపిస్తే అదీ చెప్పు.

మదురై వాళ్ళకి ఒక మాట వేరుగా చెప్పాలి. కోయంబత్తూరుకి పాలక్కాడు కనుమ గాలి ఉంది, అదృష్టవంతులు. మీకు చిత్తిర నెలలో గోడలే కాగుతాయి. పొడి ఎండల నుంచో, చల్లటి చోటు నుంచో వచ్చిన గుర్రాలు కొన్నింటికి ఉక్కపోతలో చెమట పట్టడమే మానేస్తుంది. నీడలో నిలబడి కూడా డొక్కలు ఎగరేస్తూ రొప్పుతుంటుంది, ఒళ్ళు మాత్రం పొడిగా ఉంటుంది. "చెమట కూడా పట్టలేదు, బాగానే ఉందిలే" అనుకుంటాం. అదే ప్రమాదం! గుర్రం విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. డొక్క వైపు చూస్తూ లెక్కపెట్టు. ఎక్కువగా ఉంటే నీళ్ళు పోసి తడుపు, ఫ్యాను పెట్టు, ఆగకుండా పోస్తూనే ఉండు, డాక్టర్ని పిలు. పని ఏదైనా తెల్లవారుజామునే.

ఇన్ని చెప్పాక నీ మొహం చూస్తే నాకే జాలేస్తోంది. అన్నీ ఒకే గుర్రానికి రావమ్మా. చాలావాటికి రెండు రోజుల దగ్గూ, నాలుగు రోజుల బెంగా, అంతే. బెంగ అన్నాను కదా, అది నిజంగానే ఉంటుంది. గుర్రం మంద జంతువు, రాత్రి ఒక్కటే ఉంటే కంటిమీద కునుకు రాదు దానికి. బెంగతో, తిండి వేళ తప్పడంతో పొట్టలో పుండ్లు కూడా పడతాయి. అంటు లేదని తేలేదాకా ఇంకో గుర్రం దూరం నుంచి కనపడేలా కట్టు. అదీ లేకపోతే మేకని తోడు పెట్టు, చాలా గుర్రాలు మేకతో ఇట్టే కలిసిపోతాయి. నువ్వు కూడా సాయంత్రం పూట కాసేపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చో. బియ్యం ఏరుకో, ఫోన్లో మాట్లాడుకో. నీ గొంతు, నీ వాసన దానికి పట్టుబడాలి. తెలుగులో మాట్లాడతావో, తమిళంలో మాట్లాడతావో నీ ఇష్టం.

మీ ఆయన్ని ఆ ఫోను పెట్టెయ్యమను. అమ్మినవాడితో తగవు పెట్టుకుంటే మనకి కావలసిన సమాచారం రాదు. అదే మనిషిని నెమ్మదిగా పలకరించి, ఏం మేత పెట్టేవారు, నులిపురుగుల మందు ఎప్పుడు వేశారు, ఇంతకు ముందు శూల వచ్చిందా, లాడాలు ఎప్పుడు మార్చారు అని అడిగితే సగం మందికి చెప్పే మనసుంటుంది. నువ్వే చెయ్యి ఆ ఫోను. "అన్నా, గుర్రం బాగుంది, కొంచెం బెంగగా ఉంది" అని మొదలుపెట్టు. వెంటనే ధనుర్వాతం టీకా సంగతి అడుగు. లారీలో గీసుకున్న చిన్న గాయం చాలు, గుర్రాలకి ధనుర్వాతం చాలా తేలిగ్గా పట్టుకుంటుంది. ఎప్పుడు వేశారో గుర్తులేదన్నాడనుకో, వెయ్యలేదనే లెక్క. డాక్టరు సాయంత్రం ఐదింటిదాకా ఉంటారు. టీ అయిపోయింది కదా, ఇక లే.